కింది సగం అచ్చు కాలేదు

1998 జూలై 12, ఆదివారం, ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు మా తెలుగు మాస్టారు చాక్‌పీసు బల్ల మీద పెట్టి, చేతులు దులుపుకుని, ఒప్పించే వ్యాసం ఒకటి రాసుకు రమ్మన్నారు. తేదీ, టైము పుస్తకం మార్జిన్‌లో వేసుకోవడం నాకు అలవాటు. ఎందుకని మావారు అడిగేవారు. మొదలెక్కడో తెలిస్తే తప్పెక్కడో తరవాత వెతుక్కోవచ్చు కదా అనేదాన్ని. ఈ ఒక్క సంగతిలో మాత్రం మొదలు తెలిసినా, తప్పెక్కడ జరిగిందో ఇప్పటికీ తేలలేదు.

అప్పటికి నాకు నలభై ఆరేళ్ళు. మావారు మా ఊరి హైస్కూలు హెడ్మాస్టరు. పిల్లలు వాళ్ళ దారిన వాళ్ళు చదువుల్లో పడ్డాక, పెళ్ళితో ఆగిపోయిన నా చదువు దూరవిద్యలో మళ్ళీ మొదలుపెట్టాను. ఆదివారం ఆదివారం రాజమండ్రిలో ఒక కాలేజీ గదుల్లో క్లాసులు. మొదటి రోజు గేటు దగ్గర ప్యూను నన్ను ఆపి, "పేరెంట్స్ లోపలికి రాకూడదండి, అబ్బాయి వచ్చేదాకా ఇక్కడ కూర్చోండి" అన్నాడు. నేనే స్టూడెంటునని చెబితే కుర్చీలోంచి లేచి నమస్కారం పెట్టాడు. క్లాసులో గుమాస్తాలు, ఒక కానిస్టేబులు, చీరల కొట్టులో పనిచేసే ఇద్దరు. నాకు తోడు ఒక అమ్మాయి.

ఆ అమ్మాయిది లాకుల దగ్గర ఇల్లు. కాలవకు అడ్డంగా తలుపులు పెట్టి నీళ్ళు ఆపే చోటును మేము లాకులంటాం. ఆమె భర్త అక్కడ లస్కరు, అంటే ఆ తలుపులు ఎత్తి దింపే ఉద్యోగి. ఆమెకు ఇరవై నాలుగేళ్ళు, మూడేళ్ళ కూతురు, ఇంట్లో అత్తగారు. డిగ్రీ అయితే బి.ఎడ్. చెయ్యాలనీ, టీచరు కావాలనీ ఆశ. నన్ను పిన్నిగారూ అని పిలిచేది.

అత్తగారు ఆమెను చదువుకు పంపింది ఒకే షరతు మీద: నేనున్న బస్సులోనే వెళ్ళాలి. మా ఊళ్ళో ఉదయం ఆరూ పదికి మొదటి బస్సు బయల్దేరేది. ఊరు దాటగానే దారి రెండుగా చీలుతుంది. ఒకటి రావులపాలెం మీదుగా హైవే. ఇంకోటి కాలవగట్టు మీదుగా, ఆత్రేయపురం వైపు నుంచి బ్యారేజీ ఎక్కి ధవళేశ్వరం. మా బస్సు గట్టు దారిన పోయేది. లాకుల దగ్గర ఆగగానే ఆ అత్తగారు ముందు కిటికీ దగ్గరకు వచ్చి నా మొహం చూసేది.

"వచ్చేరా మాస్టారమ్మగారూ?"

"వచ్చానండి వదినగారూ."

"ఆయ్. అయితే ఎక్కవే."

నేను కనిపించకపోతే బస్సు ఖాళీగా ఉన్నా కోడల్ని ఎక్కనిచ్చేది కాదు. ఒకసారి ఎండ పడుతోందని నేను అవతలి వరసలో కూర్చుంటే, ఆమె కనుక్కునేదాకా డ్రైవరు హారన్ కొడుతూనే ఉన్నాడు.

ఆ బస్సులో రెండు గంటలు. ఆ అమ్మాయి చదువంతా ఆ రెండు గంటల్లోనే. ఇంట్లో పుస్తకం పట్టుకుంటే కూతురు గుంజేది, పొయ్యి పిలిచేది. గట్టు మీద గోతులకు బస్సు ఊగుతుంటే, పుస్తకం ముందు సీటు కమ్మీకి ఆనించి పెద్దగా చదివేది. నేను వింటూ తప్పులు దిద్దేదాన్ని.

జూలై 12కే మళ్ళీ వస్తాను. మాస్టారు చెప్పింది ఇదీ: "పేపర్లో సంపాదకీయం పక్కన వేస్తారే, అలాంటిది. ఆరువందల మాటలు. చదవకముందు ఒకలా ఉన్నవాడు చదివాక ఇంకోలా అయిపోవాలి. ఎవరిదైనా అచ్చయిందంటే ఐదు మార్కులు ఎక్కువ."

"మారిపోయాడో లేదో మనకెలా తెలుస్తుందండి?" అని కానిస్టేబులు అడిగాడు.

"స్టేషనుకు పిలిపించి కనుక్కోవయ్యా," అన్నారు మాస్టారు. అందరూ నవ్వారు.

విషయం వెతుక్కునే పని నాకు పడలేదు. ఆ సాయంత్రం తిరుగు బస్సులో డ్రైవరు వెనక కొత్త కాగితం అంటించి ఉంది. ప్రయాణికుల సౌకర్యం కోసం ఉదయం మొదటి సర్వీసును హైవే మీదుగా నడపాలనే ఆలోచన ఉందనీ, అభిప్రాయాలు డిపోలో తెలపవచ్చనీ దాని సారాంశం. ఆ అమ్మాయి రెండుసార్లు చదివింది.

"అయితే నా చదువు అయిపోయినట్టేనండి, పిన్నిగారూ."

"అభిప్రాయం చెప్పమన్నారుగా. చెబుదాం," అన్నాను.

ఇక్కడ మా వైపు పద్ధతి ఒకటి చెప్పాలి. మేము ఎవరి ఇంటికైనా ఫిర్యాదు మీద వెళితే, ఫిర్యాదుతో మొదలుపెట్టం. ఆ ముందు ఏడాది పక్కింటి గేదె మా బచ్చలిపాదు రెండుసార్లు మేసేసింది. నేను వెళ్ళి ఆవిడ కూతురి పురుటి సంగతి అడిగాను. గేదె నిగనిగలాడుతోందని మెచ్చుకున్నాను. కాఫీ తాగాను. చెప్పులు వేసుకుంటూ, "అన్నట్టు వదినా, మా బచ్చలిపాదు..." అన్నాను. అంతే, ఆ సాయంత్రానికి గేదె గుంజకు కట్టి ఉంది. అసలు సంగతి మాకు ఎప్పుడూ గుమ్మం దగ్గరే వస్తుంది. వినేవాళ్ళు కూడా దానికోసమే కాచుకుని ఉంటారు. వచ్చీ రాగానే బచ్చలిపాదు ఎత్తితే, అది పోట్లాట అవుతుంది.

వ్యాసం కూడా నాకు తెలిసిన ఆ పద్ధతిలోనే రాశాను. డిపో వారు ప్రయాణికుల గురించి ఆలోచించినందుకు ముందు కృతజ్ఞత. తరవాత హైవే దారిలో ఉన్న మంచి అంతా. గోతులు లేవు, వానాకాలం గట్టు జారే భయం లేదు, నలభై ఐదు నిమిషాలు కలిసొస్తాయి. ఊరికే అంటే బాగోదని లెక్క కూడా వేశాను. మామూలు ఆదివారం రాజమండ్రిలో దిగేవాళ్ళు ముప్ఫై ఎనిమిది మంది. వాళ్ళలో దారి చీలకముందే ఎక్కినవాళ్ళు ముప్ఫై ఒక్కరు. ముప్ఫై ఒక్కరికి తలా నలభై ఐదు నిమిషాలంటే, మొత్తం ఇరవై మూడు గంటల పావు. ఒక్క బస్సు ఒక్క ఉదయం దాదాపు ఒక రోజంత కాలం మిగులుస్తుందని రాశాను. రాశాక ఆ వాక్యం నాకే ముచ్చటగా అనిపించింది.

ఆ తరవాత 'అయితే' అని మొదలుపెట్టి గట్టు మీద మిగిలిన ఏడుగురి గురించి రాశాను. అందులో పేరు చెప్పకుండా ఈ అమ్మాయి గురించి. ఆమెకు పుస్తకం తెరిచే చోటు ఆ బస్సు ఒక్కటేననీ, మనకు కలిసొచ్చే నలభై ఐదు నిమిషాలు ఆమె చదువులోంచి తీసుకునేవేననీ, కాబట్టి బస్సును గట్టు మీదే ఉంచాలనీ ముగించాను.

మావారికి చదివి వినిపించాను. "బాగుందోయ్. కానీ డిపో మేనేజరు సగం చదివి నీకు సన్మానం చేస్తాడేమో," అన్నారు.

"మిగతా సగం చదవరాండీ?"

"హెడ్మాస్టర్ని. అర్జీలు చదివేవాణ్ణి. నేనైతే చదవను."

నవ్వులాటకు అన్నారనుకున్నాను.

పందొమ్మిదో తారీకు బస్సులో ఆ అమ్మాయికి మొత్తం చదివాను. చివరికొచ్చేసరికి ఆమె కిటికీ వైపు తిరిగింది. "ఇంత బాగా నా గురించి ఎవరూ అనలేదండి," అంది. క్లాసులో మాస్టారు చదివి, ఎర్ర పెన్నుతో టిక్కు పెట్టి, "మలుపు కొంచెం ముందుగా రావాలేమోనమ్మా," అన్నారు.

"ముందే ఎలా అంటామండి, మొహం మీద?"

ఆయన సొంతూరు కూడా కోనసీమే. తల ఊపి, "అదీ నిజమేలెండి," అన్నారు. అలాగే ఉంచాను. ఆ మధ్యాహ్నమే పేపరు ఆఫీసుకు వెళ్ళి ఇచ్చాను.

ఆగస్టు 2, ఆదివారం. మామూలుగానే బస్సెక్కాను. లాకుల దగ్గర అత్తగారు కిటికీలోంచి నన్ను చూసింది, అమ్మాయి ఎక్కింది, పుస్తకం తీసింది. రెండు స్టాపుల తరవాత టీ కొట్టు దగ్గర పేపర్ల కట్ట ఉంటుంది. కండక్టరు అక్కడ రోజూ ఒకటి తీసుకుంటాడు. ఆ రోజు మడత విప్పుతూనే నా దగ్గరకు వచ్చాడు.

"అమ్మగారూ, ఇది మీరేనాండి?"

నా పేరే. ఊరి పేరు కూడా వేశారు. పైన పెద్ద అక్షరాల్లో శీర్షిక: మొదటి బస్సుకు హైవే దారే మేలు.

అది నేను పెట్టిన శీర్షిక కాదు. నేను శీర్షికే పెట్టలేదు. కండక్టరు అప్పటికే అందరికీ వినపడేలా చదవడం మొదలుపెట్టాడు. ఇరవై మూడు గంటల పావు దగ్గరకు రాగానే వెనక సీటులోంచి కొబ్బరికాయల వ్యాపారి ఒకాయన, "అబ్బో! లెక్కంటే అదండీ!" అన్నాడు. ఇంకొకాయన, "మా నోట్లో మాట రాసేరండి," అన్నాడు. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. నాకేమీ అర్థం కాలేదు. కండక్టరు చదువుతున్న ప్రతి మాటా నాదే. ఒక్క మాట కూడా వాళ్ళు కలపలేదు. 'అయితే' కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను. అది రాకుండానే అతను పేపరు మడిచేశాడు.

"మిగతాదండి?" అని ఆ అమ్మాయి అడిగింది.

"మిగతా ఏంటమ్మా? అయిపోయింది."

ఆమె పేపరు తీసుకుని చదివింది. చివరి వాక్యం దాకా వేలు పెట్టి వచ్చి, పేజీ తిప్పింది. ఆ వెనక పేజీ చూసింది. మళ్ళీ మొదటికి వచ్చింది. నా వ్యాసం ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి పేజీ అడుగుదాకా శ్రావణమాసం చీరల ప్రకటన ఉంది, కలశం బొమ్మతో. ఆమె పేపరు జాగ్రత్తగా మడిచి కండక్టరుకు ఇచ్చేసింది. ఆ రోజు రాజమండ్రి దాకా పుస్తకం ఒళ్ళో తెరిచే ఉంది గానీ, పైకి చదవలేదు.

మధ్యాహ్నం భోజనాల వేళ పేపరు ఆఫీసుకు వెళ్ళాను. బల్ల వెనక ఒక కుర్రాయన, ఉపసంపాదకుడట, లేచి కుర్చీ వేశాడు. కాఫీ తెప్పించాడు.

"మీ వ్యాసానికి మంచి స్పందనండి. పొద్దుటి నుంచీ నాలుగు ఫోన్లు."

"బాబూ, సగమే వేశారు."

"చోటు చాలక కింద కాస్త తగ్గించామండి. ప్రకటన ఆలస్యంగా వచ్చింది. మేము ఎప్పుడూ కిందనుంచే కోస్తామండి, ముఖ్యమైనదంతా పైనే ఉంటుంది కదా."

"నాది కిందే ఉంది."

అతను నా చేతిరాత ప్రతి పక్కనున్న దొంతరలోంచి వెతికి తీశాడు. ఆరువందల మాటల్లో నాలుగువందల పది దగ్గర నీలం గీత. దాని కింద నూటతొంభై. గీత కిందది అప్పుడు మొదటిసారి చదివినట్టున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"అయ్యో. ఇలా తిరుగుతారని... ఏమనుకోకండి, పైనంతా మీరు ఇంత బాగా ఒప్పించేశాక, కింద కాదంటారని ఎలా అనుకుంటామండి?"

సవరణ వేయమన్నాను. "తప్పకుండానండి. కానీ ఏమని వేద్దాం? వేసిన వాక్యాలన్నీ మీవే కదండీ, వెనక్కి తీసుకుంటారా?" అని అడిగాడు. ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు. వెనక్కి తీసుకోవలసిన వాక్యం ఒక్కటీ లేదు. అన్నీ నిజాలే. చివరికి పాఠకుల లేఖల కోసం పది వాక్యాల ఉత్తరం రాసిమ్మన్నాడు. ఈసారి గుమ్మం దాకా ఆగకుండా మొదటి వాక్యంలోనే, నా వ్యాసం అర్థం తలకిందులయ్యేలా అచ్చయిందని రాసిచ్చి, చేతిరాత ప్రతి వెనక్కి తెచ్చుకున్నాను. ఆ ఉత్తరం అసలు వేయలేదు. మరుసటి ఆదివారం వెళ్ళి అడిగితే, ఎడిటరు పెద్దాయనకు అది కాస్త కటువుగా అనిపించిందని చెప్పి మళ్ళీ కాఫీ ఇచ్చారు. మొదట పొగిడితే పొగడ్త వరకే వేశారు. మొదటే కాదంటే అసలు వేయలేదు. ఎక్కడ మొదలుపెట్టి ఉండాల్సిందో నాకు అంతుపట్టలేదు.

ఈలోగా మూడో తారీకు సోమవారం డిపోకు కూడా వెళ్ళాను. మేనేజరు గారు గోడకు తగిలించిన పేపరు ముక్క చూపించారు. నా వ్యాసమే.

"మాకు చాలా ఉపయోగపడిందండి. ప్రయాణికుల్లో చదువుకున్నవారు, పైగా ఆడవారు, ఇలా లెక్కతో సహా ముందుకు రావడం..."

నేను చేతిరాత ప్రతికి జిరాక్సు తీయించి తెచ్చింది ఇచ్చి, కింది సగం చదవమన్నాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని నిదానంగా చదివారు. "ఇది కూడా బాగుందండి," అన్నారు. గుమాస్తాను పిలిచి రెండూ ఒకే ఫైల్లో పెట్టమన్నారు. లేచి వస్తుంటే, గుమ్మం దగ్గర, "కానీ అమ్మా, ఇందులో లెక్క లేదు," అన్నారు.

పదహారో తారీకు ఆదివారం నుంచి మొదటి బస్సు హైవే మీదుగా వెళ్ళింది. ఆ రోజు ఏడూ ఇరవై ఐదుకే రాజమండ్రిలో దిగాను. కాలేజీ గేటు ఇంకా తియ్యలేదు. మెట్ల మీద గంటసేపు కూర్చున్నాను. కలిసొచ్చిన నలభై ఐదు నిమిషాలు నాకు పనికొచ్చింది అందుకు.

మరో దారి ఉంది, లేకపోలేదు. క్లాసులకు అందదు గానీ, పదిన్నరకు గట్టు మీద రెండో బస్సు అలాగే తిరిగేది, సాయంత్రం వెనక్కి వచ్చేది. శనివారం సాయంత్రం ఆ బస్సులో అమ్మాయి మా ఊరు వచ్చి మా ఇంట్లో పడుకుంటే, ఆదివారం ఇద్దరం కలిసి హైవే బస్సు ఎక్కవచ్చు. మావారు కూడా సరేనన్నారు. ఇరవై రెండో తారీకు శనివారం, ఆ మాట చెబుదామని రెండో బస్సులో లాకుల దగ్గరకు వెళ్ళాను.

అత్తగారు చాప వేసింది. మజ్జిగ ఇచ్చింది. మావారి ఆరోగ్యం అడిగింది, మా పిల్లల చదువులు అడిగింది. మనవరాలిచేత పద్యం చెప్పించింది. నేను నా ప్రతిపాదన చెప్పాను.

"అయ్యో, మీకెందుకండీ శ్రమ," అంది.

"శ్రమేముంది వదినగారూ, మాకూ సందడిగా ఉంటుంది."

"మీ మంచితనం అలాంటిదండి. కానీ వద్దులెండి."

మూడుసార్లు అడిగాను, మూడుసార్లూ నా మంచితనం గురించే చెప్పింది. చేతిరాత ప్రతి సంచిలో ఉంది. తీసి, కింది సగం ఆమె కొడుకుచేత చదివించాను. అతను చదివాడు. ఆమె అంతా విని తలాడించింది. ఇక లాభం లేదని లేచాను. పూతరేకులు రెండు పొట్లాలు కట్టి సంచిలో పెట్టింది. నేను చెప్పులు వేసుకుంటుంటే, గుమ్మం పట్టుకుని నిలబడి, గొంతు తగ్గించి అంది:

"మాస్టారమ్మగారూ, మీరేమీ మనసులో పెట్టుకోకండి. ప్రతి ఆదివారం మా పిల్ల బాధ్యత మీ మీద పెట్టేశాం. మీరు వద్దని మొహం మీద అనలేరు. చెప్పలేక పేపర్లో చెప్పేరు. మేము అర్థం చేసుకున్నాం. ఇప్పుడు మళ్ళీ మొహమాటానికి పోయి ఇంత దూరం వచ్చేరు. మీకు ఇంకా బరువు కాకూడదండి."

"అది కాదండి, ఇప్పుడు చదివారుగా మీ అబ్బాయి..."

"విన్నానండి. మీలాంటివారు అలాగే రాస్తారు. పేపర్లో వచ్చేక ఇది మాకోసం రాసి తెచ్చేరు. అంత ఆలోచించేరు, అదే చాలు."

కోపం లేదు ఆమె మొహంలో. నిష్ఠూరం కూడా లేదు. నేను ఎంత గట్టిగా కాదంటే అంత మొహమాటపడుతున్నానని అనుకుంటోంది. ఇంకెలా చెప్పాలి? మా వైపు కాదు అంటే కాదని ఎవరనుకుంటారు?

అమ్మాయి నన్ను స్టాపు దాకా దిగబెట్టింది. కూతురు ఆమె కొంగు పట్టుకుని వెనకే వచ్చింది. కాలవ నిండుగా ఉంది, తలుపుల దగ్గర నీళ్ళ హోరుకు గట్టిగా మాట్లాడాల్సి వచ్చింది.

"నువ్వైనా మీ అత్తగారికి చెప్పవే. నీకు ముందే చదివి వినిపించాను కదా."

"చెప్పేనండి."

"ఏమన్నారు?"

"మరి అచ్చులో లేదేంటే అన్నారండి."

బస్సు ఆలస్యమైంది. ఆమె, "పిన్నిగారూ, ఒకటి అడగనాండి? ఆ ఇరవై మూడు గంటల లెక్క మీరు నిజంగానే వేశారా?" అంది.

"లెక్క లెక్కేనమ్మా. సరిగానే వేశాను."

"మరేనండి. అందుకే అనుకుంటా, నాకు అదొక్కటే గుర్తుంది. కింద నా గురించి ఏం రాశారో, ఆ రోజు ఏడ్చాను గానీ, మాటలు గుర్తు రావట్లేదండి."

ఆ కాగితం సంచిలోనే ఉంది, మళ్ళీ తీసి చదవవచ్చు. తీయలేదు. బస్సు వచ్చింది, ఎక్కాను. ఎక్కాక కిటికీలోంచి చూస్తే ఆమె చేయి ఊపింది. లోపల ఎవరున్నారో బయటినుంచి చూసే అత్తగారి పని ఆ రోజు ఆ అమ్మాయి చేసింది.

తరవాత నాకు తెలిసినవి రెండు ముక్కలు. రెండూ పొసగవు. మూడేళ్ళ తరవాత రావులపాలెం అరటి మార్కెట్ దగ్గర ఆ కండక్టరు కనిపించాడు. "అది కాగితం అంటించకముందే ఖాయమైపోయిందండి, అభిప్రాయాలంటే ఊరికే అడుగుతారు, ఆయ్. మీ వ్యాసం వల్ల ఏమీ కాలేదు," అన్నాడు. నన్ను ఓదార్చడానికి అన్నాడో, నిజమే చెప్పాడో తెలియదు. మేనేజరు గారేమో, రిటైరయ్యాక ఒక పెళ్ళిలో కలిసినప్పుడు, పై ఆఫీసుకు నా వ్యాసం జతచేసి పంపబట్టే పని అయిందని పదిమందిలో చెప్పారు. అది నన్ను గౌరవించడానికి అన్నారో, నిజమే చెప్పారో అదీ తెలియదు. మావారినడిగితే, "ఇద్దరూ మన వైపువాళ్ళే కదా, ఇద్దరివీ సగమే నమ్ము," అన్నారు. ఏ సగమో చెప్పలేదు.

మాస్టారు ఐదు మార్కులూ వేశారు. నేను వద్దన్నాను. "ఒప్పించమన్నాను, ఒప్పించారు. ఎవర్ని, దేనికి అన్నది సిలబస్‌లో లేదమ్మా," అన్నారు. ఆయన మొహంలో నవ్వు లేదు.

ఆ కాగితం ఇప్పటికీ అప్పుడప్పుడు తీసి చదువుతాను. పై సగం చదివితే బస్సు హైవే మీదే వెళ్ళాలనిపిస్తుంది. కింది సగం చదివితే గట్టు మీదే ఉండాలనిపిస్తుంది. ఆ కుర్రాయన అక్కడ గీత గీయకపోతే చదివినవాళ్ళు ఎటు ఉండేవారో, ముప్ఫై ఒకటికి ఎదురుగా ఒకటిని పెట్టి నేనే ఎటు ఉన్నానో, ఇన్నేళ్ళ తరవాత కూడా గట్టిగా చెప్పలేను. లెక్క చాలాసార్లు వేశాను. ప్రతిసారీ ఇరవై మూడు గంటల పావే వస్తుంది.

ఆ అమ్మాయి పరీక్షలకు రాలేదు. మరుసటి ఏడాది ఫీజు కట్టలేదు. తరవాత ఆమె భర్తకు వేరే లాకులకు బదిలీ అయిందని విన్నాను. ఎక్కడికో అడిగాను గానీ, చెప్పినవాళ్ళకూ సరిగా తెలియదు. నేను 2001లో డిగ్రీ పూర్తి చేశాను, సెకండ్ క్లాసు.

పోయినవి ఇవీ. గట్టు మీద మొదటి బస్సు. ఆ ఏడాదికి ఇంకా మిగిలిన పదకొండు ఆదివారాలు, ఆ అమ్మాయివి. ఒక డిగ్రీ, మొదటి సంవత్సరంలో. ఒక టీచరు. నా పక్క సీటులో వినపడే చదువు, వారానికి రెండు గంటలు. కిటికీ దగ్గరకు వచ్చి నా మొహం చూసి నమ్మే మనిషి ఒకరు. నూటతొంభై మాటలు.